తనాబే గారి చెయ్యి ఆనిన చోటు

మా హై టైడ్ బ్యాండులో ఉన్నది ఐదుగురం. చచ్చిపోయినాయనతో కలిపితే ఆరుగురం. ఆయన పేరు తనాబే గారు. జపాన్ దేశస్థుడు, బాస్ గిటార్ వాయించేవాడు. మాలో ఎవరమూ ఆయన్ని చూసిన పాపాన పోలేదు. అయినా పద్నాలుగేళ్ళపాటు ఆయన ప్రస్తావన లేకుండా మాకు ఒక్క పండగ భోజనం కూడా జరగలేదు. తీగ తెగితే తనాబే గారికి కోపం వచ్చిందనేవాళ్ళం. పాట బాగా కుదిరితే తనాబే గారు తలూపారనేవాళ్ళం. స్పీకరు పెట్టె పొగలు కక్కితే, మా బ్యాండుకి అది మామూలే, ఆయన సిగరెట్టు ముట్టించాడని సరిపెట్టుకునేవాళ్ళం.

ఇదంతా నాంగ్ ఎపాంగ్ చలవ. నాకంటే మూడేళ్ళు పెద్దది కాబట్టి నాంగ్ అంటాను. పూర్తిపేరు ఎపిఫానియా తుములాక్. అరవై ఒకటి నిండాయి. బాస్ గిటార్ని నేలమీద నిలబెడితే దాని తల ఆవిడ భుజానికి వస్తుంది. అందులో గిటార్ పొడుగేమీ లేదు. పగలంతా ఇంటి ముందు కూర్చుని పాముచేపలు పట్టే వెదురు బుట్టలు అల్లుతుంది. మా ఊరు కొర్దోవా, ఆ తీరంలో ఎవరి పడవలో చూసినా ఆవిడ బుట్టలే ఉంటాయి, మూతి దగ్గర ఆవిడ పెట్టే మెలిక ఇంకెవరికీ రాదు. పండగ వచ్చిందంటే బుట్టలు పక్కన పెట్టి బాస్ అందుకుంటుంది.

ఆవిడ బాస్ పట్టుకోవడం కూడా చిత్రంగానే జరిగింది. అప్పుడావిడకి పదిహేడేళ్ళు. పండగ డాన్సుకి వచ్చిన బ్యాండు వాళ్ళకి కొబ్బరాకు పొట్లాల్లో అన్నం పట్టుకెళ్ళింది. బాస్ వాయించేవాడు వడ్డించేదాకా ఆగలేక, "ఒక్క నిమిషం ఇది పట్టుకో" అని ఆవిడ చేతికిచ్చి తినడానికి కూర్చున్నాడు. వాడు మూడో పొట్లం విప్పేసరికి వేదిక మీద ఆవిడ వాయిస్తోంది. "నాలుగే కదా తీగలు, బుట్టకి నలభై పుల్లలు పట్టుకునేదాన్ని, నాలుగు పట్టుకోలేనా" అంటుంది ఇప్పటికీ. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే ఆవిడ దగ్గర ఒకటే జవాబు. బాస్ మోసుకుంటూ వెనకాల నడిచే మగాడు దొరకలేదట.

ఇక తనాబే గారు మా మధ్యకి ఎలా వచ్చాడో చెప్పాలి. నాంగ్ ఎపాంగ్ తమ్ముడు సెగుందో ఓడల్లో పనిచేసేవాడు. పద్నాలుగేళ్ళ కింద వాడి ఓడ యొకొహామాలో మరమ్మతుకి ఆగితే, పాత సామాన్ల దుకాణంలో ఒక బాస్ గిటార్ కొని, దుప్పట్లో చుట్టి తెచ్చాడు. అంతకుముందు ఆవిడ దగ్గరున్నది ప్లైవుడ్‌ది. గాలి తిరిగినప్పుడల్లా దాని శ్రుతి తిరిగేది.

దుప్పటి విప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను. పండిన బొప్పాయి రంగు, అంచుల్లో నలుపు. కానీ ఏం లాభం, ఒళ్ళంతా దెబ్బలు. చెయ్యి ఆనే పైఅంచు మీద అరచేతి మేర రంగంతా పోయి కర్ర తేలింది. వెనకాల బెల్టు బకిలు గీరిన గీతలు. ఇనప భాగాలన్నీ మకిలి పట్టాయి.

"దుకాణం పేరు తనాబే అక్కా," అన్నాడు సెగుందో. "ముసలాయన రెండు చేతులతో ఎత్తి ఇచ్చి, ఇంతకింత వంగి దణ్ణం పెట్టాడు. నాకెందుకో గుండె పిండినట్టయింది."

ఆ దేశంలో రొట్టె ముక్క కొన్నా వంగి దణ్ణం పెడతారని ఆ తర్వాత ఎప్పుడో తెలిసింది. ఆ వేళ మాత్రం ఆ దణ్ణం బాస్‌కే అనుకున్నాం.

అప్పుడు నేను కల్పించుకున్నాను. అదే నేను చేసిన పెద్ద పొరపాటు, దాచడం దేనికి. నా వృత్తి పడవలకి రంగులు వేయడం. డ్రమ్ములు సరదాకి, రంగులు తిండికి. ఎండ రంగుని ఎలా తింటుందో, ఉప్పునీళ్ళు ఎలా తింటాయో, తాడు ఎక్కడ ఒరుసుకుంటుందో కళ్ళు మూసుకుని చెప్తానని నా గొప్ప. కళ్ళజోడు తగిలించుకుని, ఆ కర్ర తేలిన చోట వేలితో రాసి చూసి, ఎవరూ అడక్కుండానే తీర్పు చెప్పాను.

"ఇది ముప్పై ఏళ్ళ అరుగుదల నాంగ్. మనిషి బాగా పొడుగు. చొక్కా చేతులు మడిచి వాయించే అలవాటు. ప్రాణం పెట్టి వాయించాడు."

నాంగ్ ఎపాంగ్ సిలువ గుర్తు వేసుకుంది. "ఇంతగా వాయించినవాడు బతికుండగా దీన్ని అమ్ముకోడు పోన్సో. పోయుంటాడు పాపం" అంది.

అసలు పేరు తెలియదు కాబట్టి దుకాణం పేరే ఆయనకి పెట్టుకున్నాం. అలా తనాబే గారు ఒకే పూటలో పుట్టి, అదే పూటలో పోయాడు. ఆ నవంబరులో పెద్దల పండక్కి అందరం శ్మశానానికి వెళ్ళినప్పుడు, వాళ్ళమ్మకీ నాన్నకీ వెలిగించాక నాంగ్ ఎపాంగ్ సంచీలోంచి ఇంకో కొవ్వొత్తి తీసింది. సమాధి ఎక్కడుందో తెలియని వాళ్ళ కోసం మధ్యలో పెద్ద సిలువ ఉంటుంది కదా, దాని కింద వెలిగించింది. పద్నాలుగేళ్ళు ఒక్క ఏడు మానలేదు. తుపాను ఏడు కూడా గొడుగు కింద పెట్టి వెలిగించింది.

ఇంకొకటి కూడా చేసేది. వాయించేటప్పుడు ఆ అరిగిన చోట చెయ్యి ఆనించేది కాదు. "ఆయన గుర్తు నా చెమటతో చెరిపేస్తానా" అని దాని మీద ఉతికిన తువ్వాలు కప్పి, మోచెయ్యి వెనక్కి లాగి పెట్టి వాయించేది. చూడ్డానికి కోడిని చంకలో పెట్టుకున్నట్టు ఉండేది. మా ఊళ్ళో పండగ ముందు దేనికైనా రంగు పడాల్సిందే. పడవలకి, కంచెలకి, చివరికి సమాధులకి కూడా. రంగు వెలిసిన వస్తువు పండగలో కనిపిస్తే ఆ ఇంటికి నామోషీ. అందుకని ఏటా అడిగేవాణ్ణి, "ఒక్క పూట ఇవ్వు నాంగ్, పడవ ఎనామిల్ రెండు పూతలు కొట్టి అద్దంలా చేసిస్తా" అని. ఏటా తిట్లు తిన్నాను. ఆ తిట్లకి ఇప్పుడు ఎన్నిసార్లు దణ్ణం పెట్టుకున్నానో నాకే తెలుసు.

పోయినేడు నించీ ఆవిడ ఎడమచేతి వేళ్ళు మొండికేశాయి. నలభై ఏళ్ళ పైన వెదురు చీల్చిన వేళ్ళు. బుట్ట ఎలాగో అల్లుతున్నాయి కానీ బాస్ మెడ చివరి మెట్ల దాకా చాచుకోవడం లేదు. జూలైలో ఒక పెళ్ళిలో పాట మధ్యలో రెండుసార్లు తప్పింది. ఎవరూ గమనించలేదు. పక్కనే డ్రమ్ములు వాయిస్తున్నాను కాబట్టి నాకు తెలిసింది, ఆవిడకి తెలిసింది. ఇంటికి వచ్చేదాకా ఇద్దరం ఎండ గురించి మాట్లాడుకున్నాం.

అక్టోబరులో నన్ను వెంటబెట్టుకుని సెబు పట్నంలో కొలోన్ వీధికి తీసుకెళ్ళింది. అక్కడొక దుకాణంలో చిన్న బాస్ ఉంది. పొట్టి మెడ, లేత ఆకుపచ్చ, నిగనిగలాడే కొత్తది. నాంగ్ ఎపాంగ్ దాన్ని ఒళ్ళో పెట్టుకుంటే చివరి మెట్టు దాకా వేళ్ళు అందాయి. చంటిపిల్లని ఎత్తుకున్న మొహం పెట్టింది. దుకాణం ఆవిడ శనివారం దాకా ఎవరికీ ఇవ్వకుండా ఉంచుతానంది.

బస్సులో నాంగ్ ఎపాంగ్ అంది, "తనాబే గారిది అమ్మితేనే అది వస్తుంది. శనివారం లోపల అమ్ముడుపోకపోతే ఇరవై నాలుగున మన చర్చి పండగే నాకు ఆఖరు. ఏడవకు, నీకింకో బాస్ వాడు దొరుకుతాడు."

"నేనెందుకు ఏడుస్తాను," అన్నాను. ముప్పై మూడేళ్ళుగా నా కుడి పక్కన ఆ పొట్టిమనిషి కాలు తడుతూ ఉంటే, దాన్ని చూసి నా కాలు కదులుతుంది. ఇంకొకరి కాలు చూసి వాయించడం నాకు చేతకాదు, నేర్చుకునే ఓపికా లేదు. ఆ మాట ఆవిడతో అంటే నెత్తికెక్కుతుందని అనలేదు.

నా ఫోనులోనే అమ్మకానికి పెట్టాం. ఆవిడ చెప్తుంటే నేను కొట్టాను. "పాత బాస్ గిటార్. జపాన్‌లో ఒక పెద్దాయన ముప్పై ఏళ్ళు వాయించినది. ఆయన స్వర్గస్థులయ్యారు. తర్వాత ఒక ఆడమనిషి మర్యాదగా వాడింది. అమ్మడానికి కారణం: వేళ్ళు. ధర ఇరవై ఎనిమిది వేల పెసోలు. దయచేసి ఎగతాళి చేసేవాళ్ళు రావద్దు."

ఎగతాళి చేసేవాళ్ళే ముందు వచ్చారు. ఒకడు పందెం కోడిని ఇస్తానన్నాడు. ఇంకొకడు చూలు మేకకి మారుస్తావా అన్నాడు. పాడుకునే పాటల పెట్టె ఉంది, సగం పాటలు వస్తాయి అని ఒకావిడ. సగం అంటే ఏ సగం అని నాంగ్ ఎపాంగ్ అడిగించింది. ప్రతి పాటలోనూ మొదటి సగమట. చనిపోయినాయన రాత్రుళ్ళు వచ్చి వాయిస్తాడా అని ఇంకొకడు. "వస్తే ఇంకో పదివేలు ఎక్కువ అడిగేవాళ్ళం" అని కొట్టమంది. కొట్టాను.

గురువారానికి ఒక్కడు సూటిగా రాశాడు. పేరు రెన్మార్ కబాలెస్, తలిసాయ్‌లో హైస్కూల్లో ఆటల మాస్టారు, చర్చిలో బాస్ వాయిస్తాడు. ఫొటోలు చూశాను, ధర సరిపోయింది, ఈ పూటే వస్తున్నాను అన్నాడు. అన్నట్టే వచ్చాడు. మోటారుసైకిలు దిగి వస్తుంటే మనిషి అయిపోవడం లేదు, అంత పొడుగు. గుమ్మం కింద నడుం దాకా వంగినా నుదురు తగిలింది.

"దెబ్బ తగిలిందా బాబూ?" అంది నాంగ్ ఎపాంగ్.

"లేదు నాంగ్, అలవాటే."

"కూర్చో. నిలబడితే మాకు మెడలు నొప్పి."

కాఫీ, కొబ్బరి బన్నులు పెట్టింది. బుట్టలన్నీ పక్కకి జరిపి, బాస్ తెచ్చి అతని ముందు పెట్టి, తువ్వాలు తీసింది. తర్వాత తనాబే గారి కథ మొదటి నుంచీ చెప్పింది. దుప్పటి, దణ్ణం, నా తీర్పు, సిలువ కింద కొవ్వొత్తి, తుపాను నాటి గొడుగు. నేను పక్కన తలూపుతున్నాను, పెద్ద నిపుణుడి లాగా. కుర్రాడు సగం బన్ను నోట్లో పెట్టుకుని నమలడం మానేశాడు.

"ఏం బాబూ, బాగాలేదా?"

"బన్ను బాగుంది నాంగ్." మింగాడు. నా వైపు చూశాడు, బాస్ వైపు చూశాడు. "మీకు... మరి ఎలా చెప్పను. ఇది రెలిక్ కదా?"

"అంటే?"

"కొత్తదాన్నే పాతదానిలా చేసి అమ్ముతారు నాంగ్. ఫ్యాక్టరీలోనే. ఈ దెబ్బలు, ఈ అరుగుదల, మకిలి, అన్నీ వాళ్ళే చేస్తారు. చాలామందికి ఇష్టం. నాకూ ఇష్టమే, దాని కోసమే వచ్చాను. మీకు తెలుసనుకున్నాను, ఆ పెద్దాయన మాట సరదాకి రాశారనుకున్నాను."

నాకు ఒళ్ళు మండింది. "ఏమయ్యా మాస్టారూ, నలభై ఏళ్ళుగా రంగుల్లో మునిగి తేలినవాణ్ణి. బుద్ధున్నవాడెవడైనా కొత్త వస్తువుని చేతులారా గీకుతాడా? ధర తగ్గించాలనుంటే తగ్గించమని అడుగు, కథలు చెప్పకు."

"స్క్రూడ్రైవర్ ఉందా మామయ్యా?" అన్నాడు వినయంగా.

నాదే ఇచ్చాను. వెనకాల నాలుగు స్క్రూలు విప్పి మెడ ఊడదీశాడు. లోపల, వెలుతురు తగలని చోట, కర్ర నిన్న చీల్చినట్టు తెల్లగా ఉంది. దాని మీద ముద్ర, నెల, సంవత్సరం. సెగుందో కొన్న ఏడాదికి సరిగ్గా ముందటేడు.

"వస్తువు వయసే అప్పటికి ఏడాది," అన్నాడు రెన్మార్ మెల్లగా. "ముప్పై ఏళ్ళు ఎవరూ వాయించే వీల్లేదు నాంగ్."

"మరి ఈ చెయ్యి ఎవరిది?" అంది ఆవిడ, ఆ కర్ర తేలిన చోటు చూపించి.

కుర్రాడు బాస్‌ని నా వైపు జరిపాడు. నేనే కళ్ళజోడు తగిలించుకుని వంగాను. కర్రని కిటికీ వైపు ఏటవాలుగా పట్టి చూశాను. సన్నసన్నని గీతలు, అన్నీ ఒకే వైపుకి, ఒకే లోతు. మనిషి చెయ్యి అలా అరగదీయదు. పడవ పక్కలకి రంగు వేసే ముందు రోజూ నేను చేసే పనే అది. ఏ గీతలు నా చేతుల మీదుగా లక్షసార్లు పోయాయో, వాటినే పద్నాలుగేళ్ళ కింద పట్టుకుని పొడుగు మనిషి, మడిచిన చొక్కా చేతులు అని జాతకం చెప్పాను.

"ఉప్పుకాగితం నాంగ్," అన్నాను.

నాంగ్ ఎపాంగ్ తువ్వాలు తీసుకుని నాలుగు మడతలు పెట్టింది, విప్పింది, మళ్ళీ పెట్టింది. ఎవరో నిజంగా పోయినట్టే ఉంది ఆ ఇంట్లో.

"పద్నాలుగేళ్ళు," అంది చివరికి. "పద్నాలుగేళ్ళు ఉప్పుకాగితం ఆత్మశాంతికి కొవ్వొత్తి వెలిగించాను."

ఆ సమయంలో నవ్వకూడదని నాకు తెలుసు. గొడుగు గుర్తొచ్చింది. అంతే, ఆగలేదు. కాఫీ ముక్కులోంచి వచ్చింది. ఆవిడ నా వైపు చూసిన చూపుకి పాముచేప బుట్టలో దూరి దాక్కోవాలనిపించింది. అప్పుడావిడ పెదవి ఒక పక్కన కదిలింది. "తుపానులో కూడా రా పోన్సో" అంటూ కుర్చీలో వెనక్కి పడి పగలబడి నవ్వింది. కుర్రాడు పాపం నవ్వాలో వద్దో తెలియక బన్ను తినేశాడు.

నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుని లేచి నిలబడింది. "పోన్సో, ఫోనులో అది తీసెయ్. బాబూ, నువ్వు ఇంత దూరం వచ్చావు, పెట్రోలు డబ్బులిస్తాను. ఇది అమ్మను."

"అయ్యో, ఎందుకు నాంగ్?"

"లేని మనిషి పేరు చెప్పి ఊరంతటికీ చాటించాను. పోయినవాళ్ళ పేరు మీద అబద్ధం ఆడి డబ్బు తీసుకుంటే నా చెయ్యి పడిపోతుంది. ఇప్పటికే సగం పడిపోయింది."

"నీకు తెలియక కదా చెప్పావు," అన్నాను. "తప్పంతా నాది. శనివారం..."

"శనివారం సంగతి నాకు తెలుసు." అంత నెమ్మదిగా అంది కాబట్టి ఇక బతిమాలినా లాభం లేదని నాకు అర్థమయింది. శనివారం పోయింది, ఆకుపచ్చ బాస్ పోయింది, నా కుడి పక్కన కాలు తట్టే మనిషి పోయింది. అంతా నా కళ్ళజోడు వల్ల. ఆ క్షణంలో నా మీద నాకున్నంత కోపం నాకెప్పుడూ ఎవరి మీదా రాలేదు.

రెన్మార్ మెడ బిగించడానికి బాస్‌ని ఒళ్ళోకి తీసుకున్నాడు. స్క్రూలు బిగించి, తుడవబోయి ఆగాడు. "నాంగ్, ఇదేంటి?"

అరిగిన చోటికి వెనకాల, మూడు వేళ్ళ అవతల, చిన్న మచ్చ. కోడిగుడ్డంత. అక్కడ రంగు పూర్తిగా పోలేదు. పలచబడి, మధ్యలో కర్ర నీడలా కనిపిస్తోంది, అంచులు ఎక్కడ మొదలయ్యాయో తెలియడం లేదు.

"ఇది ఫ్యాక్టరీది కాదు," అన్నాడు. "మామయ్యా, మీరు చూడండి."

చూడాలంటే భయమేసింది. చూశాను. గీతలు లేవు. వేలు జారిపోతోంది. చెమట, ఎముక, ఏళ్ళు. ఈసారి పొరపడే వీలు లేదు. "నాంగ్, నీ చెయ్యి ఇలా పెట్టు" అని ఆవిడ మోచేతి కింద పట్టుకుని ఆనించాను. కోడిని చంకలో పెట్టుకున్నట్టు వెనక్కి లాగి పెట్టుకునే ఆ చెయ్యి సరిగ్గా మచ్చ మీద కూర్చుంది.

"దీన్ని నిజంగా వాయించింది ఒక్కరే నాంగ్, మీరే," అన్నాడు రెన్మార్. "ఇన్నేళ్ళూ చెయ్యి ఇంత వెనక్కి పెట్టి వాయించారా? భుజం నొప్పి రాలేదా?"

"రాకేం. పద్నాలుగేళ్ళుగా ఉంది. వయసు మీద పడిందనుకున్నాను."

"అదంతా ఉప్పుకాగితానికి ఇచ్చిన మర్యాద," అన్నాను. నా వీపు మీద ఒకటి పడింది. ఆ దెబ్బతో నా ప్రాణం లేచొచ్చింది.

"ఒక్కసారి వాయించి చూసి వెళ్ళనా?" అని అడిగాడు కుర్రాడు. అంత దూరం వచ్చినవాణ్ణి కాదనలేక సరే అంది. బెల్టు తగిలించుకుని లేచి నిలబడ్డాడు, తల కప్పుకి తగలకుండా కాస్త పక్కకి వాల్చి. చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. చెయ్యి బాస్ మీద వేసి, చర్చిలో వాయించే పాటేదో మొదలుపెట్టాడు. మంచి చెయ్యి. తొందర లేదు.

నాంగ్ ఎపాంగ్ నోరు తెరిచింది. "ఆగు. కదలకు. అలాగే ఉండు."

కింద ఉన్న వెదురు పుల్ల ఒకటి తీసి, అతని మోచేతి కింద నుంచి పెట్టి కొలిచింది. అవసరమే లేదు, నాకూ కనిపిస్తోంది. ఫ్యాక్టరీ వాడు ఎవరి కొలతకి గీకాడో గానీ, ఆ కర్ర తేలిన చోట అతని చెయ్యి నిండుగా, అంచు నుంచి అంచు దాకా సరిపోయింది. పొడుగు మనిషి. మడిచిన చొక్కా చేతులు. జాతకమంతా కుదిరింది, కాకపోతే బతికున్నవాడికి.

"పోన్సో," అంది నాంగ్ ఎపాంగ్, పుల్ల చేతిలో అలాగే పట్టుకుని. "మనం పోయాడనుకున్నాం. ఈయన ఇంకా రాలేదంతే."

కుర్రాడికి ఏమీ అర్థం కాలేదు. "అంటే అమ్ముతారా నాంగ్?"

"అమ్మడమేంటి బాబూ, నీదే కదా. పద్నాలుగేళ్ళు నీ చోట చెయ్యి పెట్టకుండా దాచి ఉంచాను. డబ్బు మాత్రం ఇవ్వు, నాకు శనివారం పని ఉంది."

ఇరవై ఎనిమిదీ ఇచ్చాడు. ఆ వేళ ఒక్క బుట్ట కూడా అమ్మలేదు కాబట్టి అది బోణీ బేరమని వెయ్యి వెనక్కిచ్చింది. వద్దన్నా జేబులో కుక్కింది. మిగతా నోట్లని వరసగా బుట్టలన్నిటికీ తాకించింది, అవి కూడా గబగబా అమ్ముడుపోవాలని. తర్వాత అరగంటసేపు అప్పగింతలు. మూడో తీగ వాన ముందు దిగుతుంది, ట్యూబులైటు దగ్గర పెడితే గుయ్యిమంటుంది, పిల్లల చేతికివ్వకు. తువ్వాలు కూడా ఇచ్చేసింది. "ఇది మర్యాదకి కాదు, చెమటకి," అంది. అతను గుమ్మం కింద వంగాడు, ఈసారి నుదురు తగల్లేదు, బాస్ తల తగిలింది. "పరవాలేదు, ఇంకో దెబ్బ, ఇది నిజంది" అని నవ్వుకుంటూ పోయాడు.

శనివారం పొద్దున్నే కొలోన్ వీధిలో దుకాణం తలుపులు తీసేసరికి మేం బయట నిలబడి ఉన్నాం. ఇరవై నాలుగున చర్చి పండగలో నాంగ్ ఎపాంగ్ లేత ఆకుపచ్చ బాస్ ఒళ్ళో పెట్టుకుని, చెయ్యి ఎక్కడ వాలితే అక్కడ వాల్చి, నిమ్మళంగా వాయించింది. ఒక్క స్వరం తప్పలేదు. ఆవిడ కాలు తట్టింది, నా కాలు కదిలింది. నాకు ఏడుపొచ్చింది. చెమట అన్నాను. నమ్మలేదు.

పెద్దల పండక్కి మళ్ళీ అందరం శ్మశానానికి వెళ్ళాం. నేను రంగు వేసిన సమాధులు ఎండలో మెరుస్తున్నాయి. నాంగ్ ఎపాంగ్ అమ్మకీ నాన్నకీ వెలిగించాక సంచీలో చెయ్యి పెట్టి ఆగిపోయింది. అలవాటు కొద్దీ ఇంకో కొవ్వొత్తి కొనేసింది.

"ఎవరికి? ఉప్పుకాగితానికేనా?" అన్నాను.

"నోర్ముయ్."

పెద్ద సిలువ వైపు చూసింది. కొవ్వొత్తిని చేతిలో అటూ ఇటూ తిప్పింది. వెలిగించలేదు. సాయంత్రం పాటలకని వెంట తెచ్చుకున్న బాస్ సంచీ జిప్పు లాగి, తీగలూ స్క్రూడ్రైవరూ పెట్టుకునే అరలో దాన్ని జాగ్రత్తగా దోపింది.

"అదేంటి నాంగ్?"

"దీని మీద నా చెయ్యి ఇప్పుడిప్పుడే ఆనుతోంది," అంది. "ఇంకో ఇరవై ఏళ్ళకి అక్కడ రంగు పోతుంది కదా. అప్పుడు దీన్ని కొనుక్కున్నవాళ్ళు చూసి, ఎవరో పాపం ఇంతగా వాయించారు అనుకుంటారు. కొవ్వొత్తి కోసం వెతుక్కోకుండా ఉంటుందని."

జిప్పు మూసింది. ఈసారి ఆ అరిగిన చోటు గురించి ఎవరడిగినా నేను తీర్పు చెప్పకుండా ఉండాలట, అది కూడా ఆవిడే చెప్పింది. సరేనని బాస్ సంచీ భుజాన వేసుకుని ఆవిడ వెనకాల నడిచాను.